రేవు దగ్గర నాటిన మాట

మా ఐసెల్ నది రేవులో జనాన్ని దాటించే పడవను ఇక ఆపివేయాలని ఊరి సంఘం మిక్కిలి విచారంతోను, అంతకు మించిన ఉత్సాహంతోను తీర్మానించింది. ఈ రెండు భావాలనూ కలిపి చెప్పడానికి మా డచ్చి భాషలో ‘వేమూత్’ అనే మాట సిద్ధంగా ఉంది. కాబట్టి వీడ్కోలు సభలో ఆ మాట పుట్టుపూర్వోత్తరాల మీద ప్రసంగం ఏర్పాటైంది.

పడవ నడిపే ఆల్ట్యే కూడా వచ్చింది. తండ్రి నుంచి వచ్చిన పని అది, వేరే పని ఆమెకు తెలియదు. ఇంకో ఏడాదైనా నడపనివ్వమని అడగాలని ఆమె ఆశ. మర్యాద ప్రకారం అందరికీ కాఫీతో ఒక్కొక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూసేశాం.

“‘వే’ అంటే నొప్పి,” అన్నారు పండితులు రూలోఫ్సెన్ గారు. “‘మూత్’ అంటే ఇవాళ ధైర్యం గాని, పూర్వం మనసు. నొచ్చుకున్న మనసన్నమాట! అయితే ఆ నొప్పిలో చిన్న తీపి ఉంటుంది, గమనించారా?”

గమనించాం. మేయరుగారు కళ్లు తుడుచుకున్నారు. పడవ ఆపడానికి మొదట చెయ్యెత్తింది వారే. ఎంత సున్నితమైన హృదయం!

తీపి ఎంత, నొప్పి ఎంత అన్నదాని మీద ఊళ్లో ప్రతివారూ మాట్లాడారు. ఏ ఒక్కరినీ వదలకపోవడం మా ఆచారం. చివరికి ఆల్ట్యే లేచింది.

“ఆ మాట ఎక్కడ పుడితే నాకేంటి పంతులుగారూ? రేపట్నుంచి నేనెక్కడికి పోవాలి? నా దగ్గర తీపీ గీపీ ఏం లేదు, ఒట్టి నొప్పే.”

“చూశారా! మొదటి సగం ఈమె దగ్గర ఎంత భద్రంగా ఉందో!” అని పండితులు పులకించారు. చప్పట్లు మోగాయి.

“మీ మాట విన్నాం ఆల్ట్యేగారూ,” అన్నారు మేయరుగారు. మా ఊళ్లో అభ్యంతరాన్ని ఓపిగ్గా వింటే పరిష్కరించినట్టే లెక్క.

ఇప్పుడు రేవులో పడవకు బదులు ఆ మాట పుట్టుక చెక్కిన రాయి ఉంది. దాన్ని తుడిచే పని సంఘం దయతో ఆల్ట్యేకే ఇచ్చింది. ఆదివారాలు సైకిళ్ల మీద వెళ్లి, చదివి, రెండు భావాలూ అనుభవించి వస్తుంటాం.

మొన్న మేయరుగారు చదివి, “ఆ పడవ ఉన్న రోజులే వేరు,” అంటూ కళ్లు తుడుచుకున్నారు.

ఆల్ట్యే గుడ్డ పిండుతూ అడిగింది: “ఆపమని ఎత్తింది కూడా ఆ చెయ్యేనాండీ?”

మేయరుగారు ఓపిగ్గా విన్నారు. వెనక నిలబడ్డ మేమందరం కూడా ఓపిగ్గా విన్నాం.