మొదటి ఏడాది ఎంపీసీ, రెండో ఏడాది బైపీసీ

పదో తరగతి పాసైన పిల్లల్ని "ఇంటర్లో ఏ గ్రూప్ తీసుకుంటావు?" అని అడగకపోవడం మన పెద్దలు వాళ్లకు చేస్తున్న మహోపకారం! పిల్లలకు ఏం తెలుసు చెప్పండి, చదవడం తప్ప!

మరిపెడ పక్క ఊళ్లో ఉండే సంజీవకు ఈ సంగతి బాగా తెలుసు. పార్టీలో ఎన్ని పదవుల పంచాయితీలు తెంపిన మనిషి! ఒక కుర్చీ కోసం ఇద్దరు కొట్టుకుంటే, "మొదటి సగం నువ్వు, తర్వాతి సగం వాడు" అని ఇద్దరి మెడలో దండలు వేయించి పంపుతాడు. సగం గడిచాక మొదటివాడు కుర్చీ దిగడన్నది వేరే సంగతి.

అలాంటి మనిషిని కూతురు రిషిత ఓ వింత కోరిక కోరింది. పోయిన వానాకాలం నాయినమ్మ ముత్తమ్మకు గుండె దడ వస్తే దగ్గర్లో ఉన్న దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ ఈసీజీ మిషన్ చెడిపోయి మూలన ఉంది. చెడిపోయింది కదా అని దానికి మర్యాద తగ్గించారనుకునేరు! ఏటా దసరాకు ఆయుధపూజ చేసి పసుపు, కుంకుమ, నిమ్మకాయ, బంతిపూల దండ అన్నీ సమర్పిస్తున్నారు. ఇంత పూజ అందుకునే మిషన్‌ను పని కూడా చెయ్యమంటే ఏం న్యాయం? ముత్తమ్మను వరంగల్ దాకా మోసుకుపోయారు. బతికి బయటపడింది కానీ, దారి పొడవునా ఆ ముసలామె మనుమరాలి చెయ్యి వదల్లేదు. ఆ భయం రిషితకు ఇంకా పోలేదు.

"నేను బయోమెడికల్ ఇంజినీరింగ్ చదువుత నాయినా. దవాఖాన మిషన్లు బాగుచేస్త. దానికి లెక్కలూ కావాలె, బయాలజీ కూడా కావాలె. రెండూ చెప్పే కాలేజీ యాడన్న ఉందేమో జర కనుక్కో" అంది.

కనుక్కోవడమా! ఇంత పెద్ద చుట్టరికం పెట్టుకుని!

సంజీవ మీటింగ్ పెట్టాడు. గూడూరు నుంచి మేనమామ జగపతి, ఘనపూర్ నుంచి చిన్నాయన రవీందర్ బలగంతో దిగారు. బగారన్నం, కోడికూర వండించారు.

"ఇంజినీరింగ్ అన్నంక ఎంపీసీయే. గిండ్ల మాట్లాడేది ఏమున్నది?" అన్నాడు జగపతి.

"పేరుల ముందుగాల బయో ఉన్నది గద బావా! ముందున్నోనిదే సీటు. బైపీసీ!" అన్నాడు రవీందర్.

మధ్యాహ్నానికి ఇల్లు రెండు పార్టీలైంది. ఎంపీసీ వాళ్లు అరుగు మీద, బైపీసీ వాళ్లు రేకుల షెడ్డు కింద! లెగ్ పీసులు చూపించి అటువాళ్లను ఇటు లాగారు. పెద్దత్త ఒకామె, పిల్ల పోయి మనుషుల గుండెలకు ఇంజన్లు బిగిస్తుందనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ప్రజాస్వామ్యం ఇంతకన్నా ఎక్కడ వెలుగుతుంది?

చివరికి సంజీవ లేచాడు. "కొట్లాట వద్దు. మొదటి ఏడాది ఎంపీసీ, రెండో ఏడాది బైపీసీ! దండలు తెండి!"

చప్పట్లే చప్పట్లు! 

"గట్లయితే పరీక్ష రాయనియ్యరు నాయినా!" అంది రిషిత.

"ఎందుకు రాయనియ్యరు? నేను మాట్లాడ్త."

దండలు జగపతికీ రవీందర్‌కూ పడ్డాయి. చదివేది రిషిత కాబట్టి ఆమె మంచినీళ్లు అందించింది.

ఆ సంబురంలోనే సంజీవకు ఛాతీ పట్టేసింది, ఒళ్లంతా చెమటలు. అందరూ కలిసి కార్లలో అదే దవాఖానకు పరుగెత్తారు. మిషన్ అదే మూలన ఉంది, కొత్త దండతో.

"దీన్ని బాగుచేసేటోళ్లు దొరుకుతలేరు అన్నా. వరంగల్ పోండ్రి" అంది నర్సు.

సంజీవ మిషన్ వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయనకు భయమేసింది.

"బిడ్డా, నీకేం గావాలె? నువ్వే చెప్పు" అన్నాడు.

రిషితకు ఏడుపొచ్చింది. తమాయించుకుని నోరు తెరిచింది.

ఆమె మాట బయటికి రాకముందే మంచం చుట్టూ ఉన్నవాళ్లు జవాబు చెప్పేశారు. సగం మంది ఎంపీసీ అన్నారు, సగం మంది బైపీసీ అన్నారు.