బావమరిది చూసిన బీపీ

ఆ ఉదయం డ్రైవరు వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. స్నానం, కాఫీ, ఆపైన డిపో డాక్టరు దగ్గర పరీక్ష. ఫిట్ అని రాయించుకుంటే, ఏళ్ల తరబడి ఆశపడ్డ దూరప్రయాణం బస్సు చేతికొస్తుంది. ఈరోజు తప్పితే వరసలో వెనకున్నవాడికి పోతుంది.

కాఫీ గ్లాసు కింద పెట్టాడో లేదో, బావమరిది బీపీ మిషనుతో ప్రత్యక్షమయ్యాడు. దాన్ని కొని వారం కాలేదు, అప్పుడే వీధిలో సగంమందిని రోగుల్ని చేశాడు. వెళ్లేముందు ఒకసారి చూసుకుంటే పోలేదా అన్నాడు. వద్దంటే వాళ్లక్కతో చెబుతాడు, ఆ ఇంట్లో అక్క మాటే తీర్పు.

బాత్రూముకెళ్లొస్తానన్నా వినకుండా స్టూలు మీద కూలేసి, మందపాటి స్వెట్టరు మీదే పట్టీ చుట్టేశాడు. చెయ్యి తోటకూర కాడలా వేలాడుతోంది. కాలు మీద కాలు. మిషను బుస్సుమంటున్నంతసేపూ బీపీతో పోయినవాళ్ల కథలు చెబుతూ, మధ్యమధ్య ప్రశ్నలేసి జవాబులు రాబట్టాడు.

నూట అరవై. ఊపిరి తీసుకోనివ్వకుండా మళ్లీ చూశాడు. నూట డెబ్భై.

"ముందు నన్ను బాత్రూముకి వెళ్లనియ్యరా నాయనా," అన్నాడు డ్రైవరు.

"చూశావా అక్కా, ఆ చిరాకే బీపీ లక్షణం."

మూడోసారి నూట ఎనభై దాటింది. భార్య వంగి మిషను మీది అంకె చూసింది. "ఈ అంకెతో వెళ్తే స్టీరింగు ముట్టనిస్తారా?" అంది. ఆ మాట డ్రైవరుకి సూటిగా తగిలింది. అంతవరకు విసుక్కున్నవాడు కాస్తా, అత్తగారి మందుల డబ్బాలోంచి బావమరిది తెచ్చిన బీపీ మాత్రని మారుమాట్లాడకుండా మింగేశాడు. చాలదేమోనని ఇంకో సగం కూడా మింగించారు.

డిపోకి బావమరిది కూడా వెంటొచ్చాడు. అక్కడ నర్సు తొందరపడలేదు. బాత్రూముకి పంపింది. స్వెట్టరు విప్పించి, వీపు ఆనించి, పాదాలు నేలకి తగిలేలా కూర్చోబెట్టింది. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి, కాసేపు మాట్లాడొద్దంది. ఆ ముక్క వినగానే నోరు తెరిచిన బావమరిదిని బయటికి పంపేసింది. తీరా చూస్తే పై అంకె ఎనభై ఆరే. ఆమె కంగారుగా డాక్టర్ని పిలిచింది.

డాక్టరు జరిగిందంతా విని నెత్తి పట్టుకున్నాడు. "మీకు బీపీయే లేదండీ. లేని రోగానికి ఇంకొకరి మందు మింగారు. కళ్లు తిరుగుతున్న మనిషికి బస్సెలా ఇమ్మంటారు?"

డ్రైవరుకి ఏడుపొక్కటే తక్కువ. కొత్త బస్సు తాళాలు వెనకున్నవాడి చేతికి వెళ్తుంటే బెంచీ మీద పడుకుని చూస్తూ ఉండిపోయాడు.

బావమరిది వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తగ్గింది కదా బావా, ఇంకా ఆ మొహమేంటి?"