దూదిచేతుల నడుము పట్టేసింది

ఆ రోజు ఉదయానికి ఆమె వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా ముందుగది ఊడ్చి, బల్ల మీద ఉతికిన దుప్పటి పరచాలి. పదింటికి పోస్ట్‌మాన్ వచ్చి ఆ బల్ల మీద పడుకుంటాడు. పదింపావుకి, ఆమె రాసిన ఉత్తరం చూసి, పెద్దాసుపత్రి సూపరింటెండెంటు వస్తారు. ఆమె పోస్ట్‌మాన్ మోకాలి మీద చెయ్యి వేస్తుంది. పోస్ట్‌మాన్ "హమ్మయ్య" అంటాడు. సూపరింటెండెంటు తల ఊపుతారు. ఆసుపత్రిలో ఆమెకొక గది ఇస్తారు. అంతే.

వీధిలో అందరూ ఆమెను దూదిచేతులు అనేవారు. మెడనొప్పి, నడుంనొప్పి అంటూ ఎవరొచ్చినా ఆమె నొక్కేది కాదు, మెలిపెట్టేది కాదు, ఎముకలు విరిచేది అసలే కాదు. నొప్పి ఉన్నచోట అరచెయ్యి ఆనించి, లోపల కండరం దానంతటది వదిలేదాకా ఓపిగ్గా కాచుకునేది. వచ్చినవాళ్లలో సగంమంది బల్ల మీదే నిద్రపోయేవారు. నొప్పి తగ్గినవాళ్లు కూడా చెప్పులు వేసుకుంటూ, "ఇంతకీ మీరేం చేశారండీ?" అని అడిగేవారు. పన్నెండేళ్లుగా ఆ ప్రశ్నే. ఆసుపత్రిలో గదంటూ వస్తే, తలుపు మీద పేరంటూ ఉంటే, ఇక ఎవరూ అడగరని ఆమె ఆశ.

అలా అడిగేవాళ్లలో మొదటి మనిషి ఇంట్లోనే ఉంది. అత్తగారు ముప్ఫై ఏళ్లు బ్రెడ్డు బేకరీలో పిండి పిసికి రిటైరయ్యారు. ఆవిడ మణికట్టు మామూలు మనుషుల పిక్కంత ఉంటుంది. "ముట్టుకుంటే పోయే నొప్పి నొప్పేనా అమ్మాయ్? పిసికితే పోవాలి గానీ" అనేవారు, గదిలోంచి వంటింట్లోకి వెళ్తూ ఒకసారి, వంటింట్లోంచి గదిలోకి వస్తూ ఒకసారి.

తొమ్మిదింపావుకి తువ్వాలు కింద పడింది. దూదిచేతులు దాన్ని తీయడానికి వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఆమె తలకు సరిగ్గా పైన, గోడ మీద, ఆమె స్వహస్తాలతో రాసిన అట్ట వేలాడుతోంది: "వస్తువులు తీసేటప్పుడు మోకాళ్లు వంచండి. నడుము కాదు."

"ఏవండీ!" అని కేకేసింది, నేలకేసి.

భర్త పరుగెత్తుకొచ్చాడు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. పద్దెనిమిదేళ్లుగా కొత్తవాళ్ల పక్కన కూర్చుని కూర్చుని, ప్రమాదం ఎక్కడ కనిపించినా కుడికాలితో లేని బ్రేకుని తొక్కడం అలవాటైపోయింది. ఇప్పుడూ గుమ్మంలోనే నేలని ఒక్క తొక్కు తొక్కాడు.

"ఏం పోయింది? ఏం వెతుకుతున్నావ్?"

"నడుం పోయింది. నన్ను బల్ల మీద పడుకోబెట్టండి. కాసేపు కదలకుండా ఉంటే అదే వదులుతుంది."

ఎలాగో బోర్లా పడుకోబెట్టాడు. ముఖం పట్టేలా బల్లకి ఒకవైపు గుండ్రటి కన్నం ఉంది. అందులోంచి ఆమెకి గచ్చు మాత్రమే కనిపిస్తోంది. అత్తగారు సంగతి విని పెట్టెలోంచి తన పాత బేకరీ ఏప్రాన్ తీసి కట్టుకుని, జాకెట్టు చేతులు పైకి మడుచుకుని వచ్చారు. తెల్లటి ఏప్రాన్. పన్నెండేళ్లుగా ఎదురుచూసిన ఘడియ కళ్లెదుట ఉంటే మనిషి ముఖం ఎలా వెలుగుతుందో, ఆవిడ ముఖం అలా వెలుగుతోంది.

"అత్తయ్యా, ముట్టుకోకండి!"

"ఒక్క పట్టు పడతానమ్మాయ్. అరవకు."

అప్పుడు కాలింగ్ బెల్లు మోగింది. రోడ్లు ఖాళీగా ఉండటంవల్ల సూపరింటెండెంటు ముప్పావుగంట ముందే వచ్చేశారు.

పొడుగాటి మనిషి, కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. గది ఒకసారి చూశారు. బల్ల మీద దుప్పటి కప్పుకుని బోర్లా పడుకున్న మనిషి, పక్కన తెల్ల ఏప్రానుతో పెద్దావిడ. నేరుగా అత్తగారికి నమస్కారం పెట్టారు. "మీ ఉత్తరం చదివానమ్మా. చూడగానే ధైర్యం వచ్చింది. పోయిన నెల ఒకాయన ఇలాంటి చికిత్సే చేస్తానంటూ నడుం పట్టుకుని వచ్చాడు. తన ఒళ్లే చూసుకోలేనివాడు పదిమందికేం చూస్తాడు? గుమ్మంలోంచే తిప్పి పంపేశాను."

భర్త కుడికాలు నేలని గట్టిగా తొక్కింది. "మీరే కదా థెరపిస్టు?" అని సూపరింటెండెంటు అత్తగారిని అడుగుతుండగానే, "అవునండీ, కూర్చోండి, బ్యాగిలా ఇవ్వండి" అని ఆవిడ కొడుకు అందుకున్నాడు. బ్యాగు తీసుకుని మర్యాదగా అటక మీద పెట్టాడు. ఆ కంగారులో అంతకంటే కిందిచోటు అతనికి తట్టలేదు.

థెరపిస్టు అంటే ఏమిటో అత్తగారికి స్పష్టంగా తెలియదు. పనిచేసే మనిషిని ఇంగ్లీషులో అలా అంటారేమో అనుకున్నారు.

"ఎన్నేళ్ల అనుభవమమ్మా?"

"ముప్ఫై."

"ఉత్తరంలో పన్నెండని రాశారే?"

"వినయమండీ" అన్నాడు కొడుకు.

"రోజుకి ఎంతమందిని చూస్తుంటారు?"

"మనుషులనా? మేం ముగ్గురమేనండీ. ముద్దలైతే మూడొందలు."

"ముద్దలా?"

"గట్టిపడ్డ కండరాలండీ" అన్నాడు కొడుకు. "పాతకాలం మాట."

సూపరింటెండెంటు చిన్న పుస్తకంలో ఎడమచేత్తో అవస్థపడుతూ ఏదో రాసుకున్నారు. "సరే, మొదలుపెట్టండి. చూస్తాను."

అత్తగారి చేతులు దుప్పటి మీదకి దిగాయి. కన్నంలోంచి సన్నటి గొంతు వచ్చింది. "అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది. నొక్కకండి. ఊరికే చెయ్యి ఉంచండి."

సూపరింటెండెంటు కనుబొమలు లేచాయి. "పేషెంటు ఆవిణ్ణి అత్తయ్యా అంటోందేమిటి?"

"అందరూ అలాగే అంటారండీ. ఆవిడ చేతిచలవ అలాంటిది."

"బాగుంది. ఆసుపత్రిలో లేనిది అదే" అన్నారాయన. కుర్చీ ముందుకు జరుపుకుని, "అత్తయ్యగారూ, మీ పద్ధతికి మూలసూత్రం ఏమిటో కాస్త చెప్తారా?" అని అడిగారు.

అత్తగారు కొడుకు చెవి దగ్గరకి వంగి, "ఈయన నాకు అల్లుడెప్పుడయ్యాడురా?" అన్నారు. కొడుకు కళ్లతోనే దండం పెట్టాడు. కొడుకు ఏదో చిక్కులో ఉన్నాడని తల్లికి అర్థమైంది. చిక్కేమిటో తెలియకపోయినా, అడిగిన ప్రశ్నకి సమాధానం తెలుసు. అందుకని కోడలి నడుము మీద చేతులు ఆనించి, తనకి తెలిసిన పనిని తెలిసినట్టు చెప్పారు.

"తొందరపడితే పాడైపోతుందండీ. మొదట్లో పిసుకుతాం, నిజమే. కానీ అసలు పని తర్వాతే. తడిగుడ్డ కప్పి వదిలేయాలి. దాని పని అది చేసుకుంటుంది. మధ్యలో కెలికితే మళ్లీ బిగుసుకుపోతుంది. వెచ్చగా ఉందా లేదా అని చెయ్యి ఆనించి చూడటమే మన పని. వేలితో మెల్లగా అదిమితే తిరిగి నెమ్మదిగా పైకి లేవాలి. అప్పుడు అయిందని లెక్క."

కన్నంలో దూదిచేతులు కళ్లు పెద్దవి చేసింది. పన్నెండేళ్లుగా ఎంతమందికో చెప్పాలని చూసి చెప్పలేకపోయిన మాట అది. అత్తగారి అరచేతులు వెడల్పుగా, వెచ్చగా, బరువు లేకుండా ఉన్నాయి. ఆ చేతుల కింద ఏదో మెల్లగా వదులవడం ఆమెకి తెలుస్తోంది. నొప్పి తగ్గుతున్నందుకు సంతోషించాలో, తగ్గిస్తున్నది ఎవరో తలుచుకుని ఏడవాలో ఆమెకి పాలుపోలేదు.

సరిగ్గా పదింటికి పోస్ట్‌మాన్ వచ్చాడు. సమయం తప్పడం అతని ఒంట్లో లేదు.

"ఏంటమ్మా, నా బల్ల మీద నువ్వు పడుకున్నావు? పెద్దావిడ చేతిలో పడ్డావా? ఎముకలు ఉన్నాయా?"

"ఎవరీవిడ?" అన్నారు సూపరింటెండెంటు.

"ఈవిడేనండీ దూదిచేతులు, మా వైద్యురాలు. ఆవిడేమో ఈవిడ అత్తగారు. బేకరీలో చేసేవారు. బ్రెడ్డు ఎంత మెత్తగా ఉండేదనుకున్నారు!"

భర్త బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. బండి మాత్రం ఆగలేదు. సూపరింటెండెంటు లేచారు. "నన్ను ఇంతసేపు కూర్చోబెట్టి ఆడించారన్నమాట" అని అటక మీది బ్యాగుకోసం కుడిచెయ్యి చాపారు. చెయ్యి భుజం ఎత్తుదాకా కూడా రాలేదు. ముఖం పాలిపోయింది.

దూదిచేతులు బల్ల మీంచి దిగింది. తను నిటారుగా నిలబడ్డానన్న సంగతి కూడా గమనించలేదు. "ఎన్నాళ్లనుంచండీ?"

"ఏం లేదు."

"ఎన్నాళ్లనుంచి?"

ఆయన గొంతు తగ్గించారు. "ఎనిమిది నెలలు. మావాళ్లెవరికీ తెలియదు. ఆసుపత్రి నడిపేవాడికే జబ్బంటే..." అని ఆగిపోయారు. ఒళ్లు చూసుకోలేనివాణ్ణి గుమ్మంలోంచి పంపేశానని అరగంట కిందటే చెప్పిన సంగతి ఆయనకీ గుర్తొచ్చినట్టుంది.

"ఐదు నిమిషాలు పడుకోండి. నచ్చకపోతే వెళ్లిపోదురుగాని."

"బూట్లు తీసి పడుకో అల్లుడూ" అన్నారు అత్తగారు.

ఆమె ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి పైన ఉంచి కాచుకుంది. మూడో నిమిషంలో ఆయన ఊపిరి బరువైంది. ఆరో నిమిషంలో గురక మొదలైంది. అరగంటయినా ఆగలేదు. ఆయన్ని ఎవరూ కదల్చవద్దని ఆమె వేలు పెదవుల మీద పెట్టి సైగచేసింది. అప్పుడు ఆయన సెల్‌ఫోన్ మోగింది. భర్త దాన్ని పట్టుకుని వరండాలోకి పరుగెత్తాడు.

"సార్ లేరా? పదకొండింటికి మీటింగుంది" అంది ఆసుపత్రి గొంతు.

"ఉన్నారండీ. బల్ల మీద ఉన్నారు."

"ఒకసారి ఇస్తారా?"

"మాట్లాడే స్థితిలో లేరండీ."

"ఏమైంది?"

"ఏం కాలేదండీ, కంగారుపడకండి. మా ఆవిడ చెయ్యి వేసింది. అంతే, అలా ఉండిపోయారు."

"ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోందండీ, వీధిలోకి వినిపిస్తోంది. కళ్లే తెరవట్లేదు. కదల్చొద్దంటోంది మా ఆవిడ."

ఏడు నిమిషాల్లో సైరను మోత వీధిని ఊపేసింది. అంబులెన్సులోంచి ఇద్దరు దూకారు. "నిద్రపోతున్నారండీ, ఉత్త నిద్రే!" అని దూదిచేతులు మొత్తుకుంది. వాళ్లు వినలేదు. ముందు రోగిని బండెక్కించాలి, మాటలు తర్వాత వినాలి అన్నది ఆ ఆసుపత్రి నియమం. ఆ నియమం పెట్టింది సూపరింటెండెంటే. స్ట్రెచర్ మీదకి ఎత్తినా ఆయన లేవలేదు, ఎనిమిది నెలల నిద్ర బాకీ మరి. బండి కదులుతుంటే అత్తగారు బూట్లు పట్టుకుని వెనకాల పరుగెత్తారు. విసిరితే ఒకటే లోపల పడింది.

దూదిచేతులు గుమ్మంలో కూలబడింది. భర్త కిందకి చూస్తూ, "నేను అబద్ధమేం చెప్పలేదు కదా" అన్నాడు. "పొద్దున్న చెప్పారుగా, సరిపోయింది" అంది ఆమె. పోస్ట్‌మాన్ మాత్రం తన వంతు వచ్చిందని బల్లెక్కి పడుకున్నాడు.

రెండు రోజులు ఆసుపత్రినుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇక గది మాట మరచిపోవాలనుకుంది. ఆ రెండు రోజులూ అత్తగారు గదిలోంచి వెళ్తున్నప్పుడు ఏమీ అనలేదు. రెండో రోజు సాయంత్రం మాత్రం బల్ల దగ్గర ఆగి, "మొన్న నీ నడుం నా చేతికింద వదిలింది చూశావా, పిండి పొంగినట్టే ఉంది. రోజూ నువ్వు చేసేది ఇదేనా?" అని అడిగారు. "ఇదే అత్తయ్యా" అంది కోడలు. "మరి చెప్పవే!" అన్నారావిడ.

మూడో రోజు ఎమర్జెన్సీ వార్డు నర్సు వచ్చింది. చేతిలో ఒక కవరు ఉంది. నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మంచం చుట్టూ తొమ్మిదిమంది డాక్టర్లమ్మా. ఈసీజీ తీశారు, బీపీ చూశారు, అన్నీ బాగానే ఉన్నాయి, మనిషి లేవడు. ఆఖరికి పెద్ద ఇంజెక్షన్ ఒకటి సిద్ధం చేశారు. సూది దగ్గరకొచ్చేసరికి సార్ కళ్లు తెరిచి, 'ఆగండి!' అని కుడిచెయ్యి నిట్టనిలువుగా పైకెత్తారు."

"కుడిచెయ్యా?" అంది దూదిచేతులు.

"కుడిచెయ్యే. దించి, దానికేసి చూసి, మళ్లీ ఎత్తారు. మళ్లీ దించి, మళ్లీ ఎత్తారు. మేమంతా బుర్రకేమైనా అయిందేమోనని హడలిపోయాం. అప్పుడు ఎనిమిది నెలల సంగతి ఆయనే బయటపెట్టారు, తొమ్మిదిమంది ముందూ."

కవరులో ఉత్తర్వు ఉంది. కింద అంతస్తులో గాలీ వెలుతురూ ఉన్న గది, సోమవారంనుంచి. చివర్లో కుడిచేతి రాతతో ఒక వాక్యం కలిపి ఉంది: అత్తయ్యగారు కూడా తప్పక రావాలి.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ వెళ్లారు. కానీ మొదటి వారంలో రోగులెవరికీ చోటు దొరకలేదు. వరసంతా మెడలూ నడుములూ పట్టుకున్న డాక్టర్లే.