రూజెనా చేతి మరువం వెన్న

బోహుమీర్ భార్య రూజెనా పోయి ఆ రోజుకి ఏడాది. పొద్దున్నే మంచు కమ్మేసి ఎదురిల్లు కూడా కనబడటం లేదు. మధ్యాహ్నానికి బాతును కాల్చి, మరదలు హెడ్వికాకు భోజనం పెట్టాలన్నది బోహుమీర్ ఆలోచన. “మా అక్కను నువ్వే సరిగ్గా చూసుకోలేదు” అని సమాధి దగ్గర నలుగురిలో అనేసి వెళ్లిన మనిషి, మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఎలాగో ఈసారి వస్తానంది.

ఫ్రీజరులో కాగితం చుట్టిన పచ్చని వెన్నముద్ద ఒకటి మిగిలింది. పైన ‘మరువం’ అని రూజెనా రాత. దాన్ని మెత్తబరిచి, బాతు చర్మం కింద వేళ్లతో జాగ్రత్తగా పులిమి పొయ్యిలో పెట్టాడు.

అరగంటకు హెడ్వికా ఫోను చేసింది. బస్సెక్కానని చెప్పి, ఫ్రీజరులో మరువం వెన్న ఉంటే వంటకు వాడొద్దంది. జలుబు చేస్తే ముక్కు కింద రాసుకోవడానికి అక్క చేసిన మందట అది.

బోహుమీర్ పొయ్యి ఆర్పేశాడు. సగం వేగిన బాతును పెరట్లోని కుళాయి కిందికి తీసుకుపోయి, చర్మం ఎత్తి కడగసాగాడు. “నీ పేరు చెప్పి మందు పెట్టబోయాను, రూజీ” అంటుంటే కళ్లు నిండాయి.

పక్కింటి వ్లాస్తా కంచె మీదుగా చూసింది. ఏడుస్తూ బాతుకు స్నానం చేయిస్తున్న మనిషికి మతి పోయిందనుకుని డాక్టరును పిలిపించింది.

హెడ్వికా బస్సు దిగేసరికి వాకిట్లో డాక్టరు కారు. గేటు దగ్గర వ్లాస్తా కళ్లు తుడుచుకుంటోంది.

“ఇంకేముందమ్మా, మనిషి చెయ్యి దాటిపోయాడు.”

హెడ్వికా అక్కడే కూలబడింది. “అన్యాయంగా నోరు జారాను బావా. మూడు నెలలు అక్క మంచం వదల్లేదు నువ్వు. ఆ మాట నీతో చెప్పకుండానే పోయావా?”

ఇంటి పక్కనుంచి బోహుమీర్ వచ్చాడు. చేతుల్లో బాతు నీళ్లోడుతోంది.

ఆమె లేచి నిలబడింది. “బతికే ఉన్నావా? మరి చెప్పవేం?”

“నువ్వు మాట్లాడుతున్నావుగా” అన్నాడు.

డాక్టరు అతని నాడి చూసి, ఆకలి తప్ప ఏ జబ్బూ లేదని తేల్చి వెళ్లిపోయాడు. బాతు మళ్లీ పొయ్యికెక్కింది. చెక్కలా ఎండిన మాంసంలో ఒక్క తొడ దగ్గరే, చర్మం మడతలో కాస్త వెన్న మిగిలింది. హెడ్వికా కొరికి, నమలడం ఆపేసింది.

“బావా, ఇందులో వెల్లుల్లి ఉంది. మందులో వెల్లుల్లి ఎవరేస్తారు? ఇది వంట వెన్నే.”

ఇద్దరూ పెరట్లోని తూము వైపు చూశారు. రూజెనా చేసిన ఆఖరి వెన్న అప్పటికే కాలవ చేరి ఉంటుంది. బోహుమీర్ ఆ తొడను ఆమె పళ్లెంలోకే జరిపాడు.

అక్క ఉన్నన్నాళ్లూ ఆమె వంటను మెచ్చుకోని హెడ్వికా ఆ రోజూ ఉప్పు తక్కువైందనే అంది; ఎముకను మాత్రం చీకి చీకి వదిలిపెట్టింది.