సూర్యావతి తాలూకు

పక్షవాతం వచ్చిన నాలుగో నెలలో గుబ్బల సూర్యావతి కుడి సగం రాజమండ్రిలోని ఒక ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్‌కి పేషెంటుగా చేరింది. ఎడమ సగం ఆ పేషెంటుకు అటెండెంటుగా చేరింది.

విడదీయడం అడ్మిషన్ కౌంటర్ పక్క గదిలో జరిగింది. ఆరు నిమిషాలు పట్టింది. ట్రయల్ ఒక వైపు బలహీనతకు సంబంధించినది కాబట్టి బలంగా ఉన్న వైపును చేర్చుకోరు. అలాగని అటెండెంటు లేకుండా పేషెంటునూ చేర్చుకోరు. రెండు నిబంధనలకూ సరిపడే మార్గం ఇదొక్కటేనని ట్రయల్ కోఆర్డినేటర్ జాన్ వెస్లీ వివరించాడు. ఈ ఏడాది ఇరవై ముగ్గురిని ఇలాగే చేర్చుకున్నామని, ఫిర్యాదులేమీ రాలేదని చెప్పాడు.

"మరి నేనండీ?" అన్నాడు సత్తిరాజు.

"మీరెవరు?"

"ఆవిడ మొగుణ్ణండి."

"ఒక పేషెంటుకు ఒక అటెండెంటేనండి. పాస్ ఎడమవైపు ఆవిడకి ఇచ్చేశాం. మీరు రోజూ నాలుగింటికి వచ్చి చూసి వెళ్ళొచ్చు."

సత్తిరాజు బయటికి వెళ్ళి గేటు ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర కూర్చున్నాడు.

ట్రయల్ నుంచి ఏమి ఆశిస్తున్నారో రాయమని దరఖాస్తులో ఒక గడి ఉంది. సూర్యావతి పూతరేకులు చేస్తుంది. బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను రెండు చేతులతో పట్టుకుని, కింద మంట ఉన్న బోర్లించిన కుండ మీద ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. రెండు చేతులూ ఒకే వేగంతో కదలాలి. ఒకటి వెనకబడితే రేకు ఆ వైపు చిరుగుతుంది. ముప్పై ఏళ్ళుగా తీస్తున్న మనిషికి జబ్బు చేశాక ఒక్క రేకూ నిలవలేదు. గడిలో 'రేకు తియ్యాలి' అని రాయించింది. కింద పేషెంటు స్వయంగా సంతకం పెట్టాలి. కుడి చేతికి అందుకు గంటా పది నిమిషాలు పట్టింది. మధ్యలో ఎడమ చెయ్యి సాయం రాబోతే వెస్లీ ఆపాడు.

"మీది సాక్షి గడమ్మా. కిందికి రండి."

కుడి సగానికి ఏసీ గదిలో మంచం ఇచ్చారు. పొద్దున గుడ్డు, పాలు. పదింటికి వ్యాయామం, మధ్యాహ్నం రెండు గంటలు నిద్ర. చేతికి తొడుగు తొడిగి ఒక యంత్రం వేళ్ళను ఒక్కొక్కటిగా ముడిచి తెరిచేది. ఎడమ సగానికి వరండాలో బెంచీ ఉంది. అటెండెంట్లకు మంచాలు ఉండవు. నర్సు తలుపు దగ్గరికి వచ్చి "సూర్యావతి తాలూకు ఎవరండీ?" అని కేక వేసినప్పుడల్లా ఎడమ సగం ఒంటికాలి మీద గెంతుతూ వెళ్ళేది. రిపోర్టులు కింది అంతస్తులో, మందులు పక్క బిల్డింగులో. లిఫ్టు పేషెంట్లకు మాత్రమే.

వారానికోసారి డాక్టరు వచ్చేవాడు. మంచం పక్కన నిలబడి ఎడమ సగాన్ని అడిగేవాడు.

"ఆవిడకి ఎలా ఉంది?"

"వేళ్ళు... కొంచెం..." అని కుడి సగం మొదలుపెట్టేది.

"మీరు ఆగండమ్మా. మీ తాలూకు వాళ్ళు చెబుతారుగా."

ఎడమ సగం చెప్పేది. ఏ వేలు ఎప్పుడు కదిలిందో, రాత్రి ఎన్నిసార్లు లేచిందో దానికి తెలుసు. డాక్టరు సంతోషించేవాడు. ఇలాంటి అటెండెంట్లు దొరకడం కష్టమని ఒకసారి వెస్లీతో అన్నాడు.

నాలుగింటికి సత్తిరాజు క్యారియరు తెచ్చేవాడు. ముందు మంచం దగ్గర కాసేపు, తర్వాత బెంచీ దగ్గర కాసేపు కూర్చునేవాడు.

"ఇంట్లో మనశ్శాంతిగా ఉందే. తిట్టేవాళ్ళు లేరు," అన్నాడు ఒకరోజు బెంచీ దగ్గర.

"సగం నోటితో ఉన్నానని సంతోషించు మావా. రెండూ కలిశాక చెబుతా నీ సంగతి."

"లోపలావిడ నన్నేమీ అనలేదు. నవ్వింది కూడా."

"దానికేం? గుడ్డు తిని పడుకుంటుంది. ఎవరైనా నవ్వుతారు."

కుడి చేతికి పెట్టే పరీక్ష ఏమిటంటే, తొమ్మిది పుల్లలను తొమ్మిది రంధ్రాల్లో పెట్టాలి. మొదటి వారం కుడి చెయ్యి ఒక్కటీ పెట్టలేదు. ఐదో వారం మూడు పెట్టింది. ఎనిమిదో వారం ఆరు పెట్టింది. ఆరో పుల్ల దిగినప్పుడు ఎడమ సగం వరండాలోంచి అద్దంలో చూసి, నర్సు వద్దన్నా వినకుండా గెంతింది.

తొమ్మిదో వారం ఎడమ చేతిలోంచి టీ గ్లాసు జారి పడింది. రెండు రోజుల తర్వాత రిపోర్టుల కవరు జారింది. వెస్లీ రిజిస్టర్లో రాశాడు: 'అటెండెంటు చేతిలో వస్తువులు జారాయి. ట్రయల్‌కు సంబంధం లేదు.'

"నా చెయ్యి కూడా ఒకసారి చూస్తారా బాబూ?" అని ఎడమ సగం అడిగింది.

"అటెండెంట్లకు కొలతలు ఉండవమ్మా. అలిసిపోయి ఉంటారు. ఒక టీ తాగండి."

"అదేగా పడిపోయింది."

వెస్లీ నవ్వాడు. ఎడమ సగమూ నవ్వింది. ఇంకో టీ తెప్పించారు. దాన్ని సత్తిరాజు పట్టుకుని తాగించాడు.

పన్నెండో వారం కుడి చెయ్యి తొమ్మిది పుల్లలూ ఇరవై రెండు సెకన్లలో పెట్టింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. అంతవరకూ చేరిన వాళ్ళలో అదే మంచి ఫలితం. సాయంత్రం రెండు సగాలనూ కలిపారు. ఈసారి నాలుగు నిమిషాలే పట్టింది. సూర్యావతి నడుచుకుంటూ గేటు దాటింది. బస్సెక్కేలోపే మొగుణ్ణి రెండుసార్లు తిట్టింది. సత్తిరాజు ముఖం వెలిగిపోయింది.

మర్నాడు ఉదయం కుండ కింద కొబ్బరాకు మంట పెట్టారు. సూర్యావతి గుడ్డ ముంచి లాగింది. కుడి చెయ్యి సాఫీగా వచ్చింది. రేకు లేచింది, ఎడమ అంచున జానెడు చిరుగుతో.

సత్తిరాజు వంగి చూశాడు. "అటుండే చిరుగు ఇటొచ్చిందేంటే?"

ఇంకో పది తీసింది. పదీ అటువైపే చిరిగాయి. వెస్లీకి ఫోన్ చేశారు. అతను సంతోషంగా పలకరించాడు.

"ఎడమవైపుకి వేరే ట్రయల్ ఉందండి. వచ్చే నెలలో మొదలు. మీకు సీటు ఖాయం."

"ఈసారి నేనుంటానండి, అటెండెంటుగా," అన్నాడు సత్తిరాజు.

"బలమైన వైపు ఉండగా బయటివాళ్ళని తీసుకోమండి. ఆవిడ కుడివైపు రికార్డు చూశాంగా. బ్రహ్మాండంగా చూసుకుంటుంది."

"రాసుకో బాబూ," అంది సూర్యావతి.

పెళ్ళిళ్ళ రోజులు కావడంతో ఆ నెలంతా ఆర్డర్లున్నాయి. చిరిగిన అంచు లోపలికి పోయేలా మడవడం ఆమె రెండు రోజుల్లో నేర్చుకుంది. పైనుంచి చూస్తే తేడా తెలియదు. తిన్నవాళ్ళంతా రేకు బాగుందన్నారు, ఇంకోటి అడిగి తీసుకున్నారు.