తొంభైతొమ్మిదవ డిగ్రీ యుద్ధము

ఇటు మునేరును అటు పాలేరును ఇసుక మేటలై మిగిలిన మే మాసమున, సిమెంటు లారీల ధూళి హైదరాబాదు రహదారిని కప్పివేయుచుండగా, నందిగామ నుండి గరికపాడు చెక్‌పోస్టు దాక ఒక్క కుక్కయైనను నీడ విడిచి కదలని మధ్యాహ్నము రెండుంబావు వేళ, జగ్గయ్యపేట శివారున, రేకుల వసారా గల రెండు గదుల ఇంటిలో, ప్రేమదాసు కూతురును, ఎమ్సీయే ఆఖరి సంవత్సరపు విద్యార్థినియు, పొద్దుటి నుండి రెండు మారులు ఓడియు మూడవ మారునకు కుర్చీ ముందుకు లాగుకొన్న ధీరయు నగు సూసన్, తన ల్యాప్‌టాపు ఎదుట ఆసీనురాలయ్యెను. వినువారు వినుడు, ఉక్కపోసినవారు విసురుకొనుచు వినుడు.

ఆమె కోరినది రాజ్యము కాదు. మిరప ఆకు ఫొటో చూపగానే దానికి ముడత తెగులున్నదో లేదో చెప్పగల ప్రోగ్రామును సిద్ధపరచి, సాయంత్రము నాలుగు గంటలలోగా నందిగామలోని కాలేజీకి పంపవలెను. పంపినచో పట్టా వచ్చును. పంపకున్న మరి ఆరు నెలలు ఆగవలెను. అందుకు కావలసిన పన్నెండు వందల ఫొటోలు తీసినవాడు స్వయముగా ప్రేమదాసు. కౌలు చేలో నిలిచి ప్రతి ఆకును ఎడమచేత, ఫోనును కుడిచేత పట్టి తీసెను గనుక, పన్నెండు వందల ఫొటోలలోను ఒక మూల ఆయన బొటనవేలు కనబడుచుండెను. ఆ వేలు అన్నిమారులు ఎండలో నిలిచినది వృథా పోవునేమోయని సూసన్‌కు అన్నము సహింపలేదు.

ఆ ఫొటోలనన్నిటిని ఆ యంత్రము నలువది విడతలు చదువవలెను. చదువుటకు డెబ్బది నిమిషములు. చదివెడి వీరుడు వ్రేలిగోరంత ప్రాసెసరు, చదివినకొలది ఉడుకెత్తును, నూరు డిగ్రీలు తాకెనా, చెప్పాపెట్టక ఆరిపోవును. ఆరిన పిమ్మట ఆగిన చోటి నుండి అందుకొనుట ఆ ప్రోగ్రామునకు తెలియదు, ఆ విద్య నేర్పు తీరిక సూసన్‌కు దొరకలేదు. ఉదయము ఇరువది రెండవ విడతలో ఒకమారు, భోజనవేళ ముప్పది యొకటవ విడతలో ఇంకొకమారు నేలకొరిగెను.

ఆ వీరుని సింహాసనము ఎట్టిదో చెప్పవలెను గదా. ధర వచ్చు దాక అమ్మరాదని ముందుగదిలో దొంతి వేసిన ఎండుమిర్చి బస్తాలు. వాని మీద పక్కదుప్పటి. దుప్పటి మీద ల్యాప్‌టాపు. టీవీకి, మిక్సీకి, గ్యాసుబండకు వస్త్రాలంకారము చేసిన సూసన్ తల్లి కృపావతీదేవి, ఇంటిలోకెల్ల విలువైన వస్తువు దిగంబరముగా నుండుట సహింపజాలక, గులాబిరంగు ఊలుతో కుచ్చుల కవరు అల్లి, పని జరుగు వేళనైనను వెనుక సగమును కప్పి ఉంచుచుండెను. లోని ఫ్యాను హోరెత్తినప్పుడెల్ల ఇంటిల్లిపాది తుమ్ముచుండిరి. ఎండకాలపు జలుబని ఏడాదిగా అనుకొనుచుండిరి, పాపము.

ఆ సమయమున చేను నుండి వచ్చిన ప్రేమదాసు గుమ్మమునందే తుమ్మి, ముక్కు ఎగబీల్చి, మేఘగంభీర స్వరమున ఇట్లనెను:

"ఇది జలుబు కాదమ్మా. మన కాయ ఘాటే. ఆ మిషన్లోంచే వస్తంది."

వెంటనే ఆయుధాగారము తెరువబడెను. రేడియో బాగుచేసిన స్క్రూడ్రైవరుతో అడుగుపలక విప్పిరి. పాత పళ్ల బ్రష్షుతో ఫ్యానును తోమిరి. రాలినది రాలినట్లు కాగితము మీద పోగుచేయగా, సగము ఎర్రని కారము, సగము గులాబిరంగు ఊలు నూగు. కృపావతి ఆ నూగును రెండు వ్రేళ్ల మధ్య నలిపి చూచెను. ఆమె కవరును తీసి చంకలో పెట్టుకొని వంటగదిలోనికి పోయెను. తల్లి వీపు చూచి సూసన్ మనస్సు చివుక్కుమన్నది, కాని గడియారము రెండున్నర దాటినది.

బస్తాల మీది నుండి బల్లమీదికి పట్టాభిషేకము జరిగెను. అడుగున గాలి ఆడుటకు నాలుగు స్టీలుగ్లాసులు బోర్లించిరి. ప్రక్కన టేబుల్‌ఫ్యాను నిలిచెను. రెండు గంటల నలుబది నిమిషములకు సూసన్ మీట నొక్కెను. ఎనుబది ఆరు డిగ్రీలు. తొంబది ఒకటి. తొంబది నాలుగు. అక్కడ ఆగెను. పది విడతలు, ఇరువది విడతలు గడచెను. పొద్దుట ఓడిన ఇరువది రెండవ విడత దాటినప్పుడు ప్రేమదాసు కండువాతో మెడ తుడుచుకొనెను.

మూడున్నరకు కరెంటు పోయెను.

టేబుల్‌ఫ్యాను రెక్కలు మూడు చుట్లు తిరిగి నిలిచిపోయెను. బ్యాటరీ అరగంటకు మించి రాదు. మిగిలిన విడతలు పదకొండు. తొంబది ఆరు. తొంబది ఏడు. సూసన్ పుస్తకముతో విసిరెను. ఆ గాలి ఆమె ముంగురులనైనను కదల్చలేదు. తొంబది ఎనిమిది.

"ఏం చేద్దాం నాన్నా, పోద్దేమో."

అప్పుడు వంటగది గుమ్మమున కృపావతి ప్రత్యక్షమయ్యెను. కొంగు ముక్కునకు అడ్డము చుట్టినది. చేతిలో చేట. ముప్పది యేండ్లు కందులు చెరిగి, మినుములు చెరిగి, గాలి ఎంత కావలెనో అంతే పుట్టించుట నేర్చిన చేతులవి.

"నువ్వు జరుగు. ఎక్కడ విసరాలో చెప్పు."

"ఇదిగో, ఈ సందులో అమ్మా."

చేట ఆడినది. తొంబది తొమ్మిది. సూసన్ కన్ను తెరమీదినుండి మరల్చలేదు. చేట ఆడినది, లయ తప్పలేదు. దొంతి మీది కారము లేచి గదియంతయు కమ్ముకొన్నది; ప్రేమదాసు బయటికి పోయి మరీ తుమ్మెను; కృపావతి మూడు తుమ్ములు మ్రింగెను, నాలుగవది కన్నీరై కారెను, చేట మాత్రము ఆగలేదు. ముప్పది మూడు. ముప్పది ఆరు.

"చెయ్యి లాగుతుందా అమ్మా?"

"లెక్క చూసుకో నువ్వు."

ముప్పది ఎనిమిదవ విడతలో, ఓ శ్రోతలారా, తొంబది తొమ్మిది తొంబది ఎనిమిది ఆయెను. అంతకు మించి దిగలేదు. దిగనవసరమును లేదు. మూడు గంటల నలుబది తొమ్మిది నిమిషములకు నలువదవ విడత ముగిసెను. ఫోను నుండి నెట్ ఇచ్చి సూసన్ ఫలితమును పంపెను. అందినదని కాలేజీ నుండి రెండు ముక్కల జవాబు వచ్చెను.

పరీక్షింపక నమ్మనివాడు ప్రేమదాసు. పెరటి మిరపమొక్క ఆకును ఫొటో తీసి తెచ్చెను. ఈ ఫొటోలోను బొటనవేలున్నది. యంత్రము ముడత ఉన్నదని చెప్పెను.

"అది నేనూ చెప్పేవాణ్ణి గదా."

"నువ్వు చెప్తేనే దానికి తెలిసింది నాన్నా."

ఆయన తన బొటనవేలిని ఒకమారు చూచుకొని, నీళ్లు త్రాగబోయెను.

సూసన్ యంత్రమును ఆపి, వంటగదిలో బియ్యపు డబ్బా వెనుక దాచిన గులాబి కవరును వెదకి తెచ్చి తల్లి ఒడిలో పెట్టెను.

"పని చేసేప్పుడు వద్దమ్మా. ఆపేసినాక నువ్వే కప్పు."

కృపావతి అరచేతిని తిప్పి, బిడ్డ నుదురు చూచినట్లు మూత మీద పెట్టి చూచెను.

"ఇంకా వెచ్చగానే ఉంది. ఆగుదాం."

ఇట్లు జగ్గయ్యపేట శివారున, కరెంటు లేని వేళ, ఒక చేటచేత ఒక డిగ్రీ జయింపబడినది. జయించినామె, కవరు ఒడిలో పెట్టుకొని, అది చల్లారు దాక దాని ప్రక్కనే కూర్చుండెను.