ఛాయాగ్రాహకుడు దొంగక్రీడతో పోరిన వృత్తాంతము

శ్రీమత్సకలజనముఖబింబభాండాగారమై, మందులషాపునకును చెప్పులషాపునకును నడుమ వెలసిన ఒకానొక ఫోటోస్టూడియోయందు, మిట్టమధ్యాహ్నమున, గిరాకీ లేని ఘడియలో, "గడ్డం కొంచెం పైకి" అని లోకమునెల్ల శాసించు ఛాయాగ్రాహకచూడామణి, యుద్ధక్రీడామోహపరవశుడై, దొంగసైటునుండి ఒక దొంగక్రీడను కంప్యూటరులోనికి దింపుకొనెను. వినుడు, నవ్వకుడు!

ముందుగా యాంటీవైరసును ఆపుమని క్రీడతో వచ్చిన చీటీ ఆజ్ఞాపించెను. కావలివానిని ఇంటికి పంపి తలుపులు బార్లా తీయుమన్నట్లే గదా! మన మహానుభావుడు బుద్ధిగా తలయూపి, ఆపెను.

క్రీడ తెరుచుకొనలేదు. కంప్యూటరు నెత్తిమీది కెమెరాకు మాత్రము ఎర్రదీపము వెలిగెను. ఇరువదియేండ్ల అలవాటు ఊరకుండునా? దీపము కనబడినదే తడవుగా కాలరు సవరించుకొని, రెప్పవేయక, చిరునవ్వు నవ్వెను.

లోగదిలో ఫోటోలకు మెరుగులు దిద్దు ఇల్లాలు తొంగిచూచెను.

"ఎవరు తీస్తున్నారండీ ఫోటో?"

"ఎవరూ లేరు. అదే వెలిగింది."

"అదే వెలగడమేంటి? ఏం ఎక్కించారు? అయ్యయ్యో, మోడెం లైటు చూడండి, ఎలా కొట్టుకుంటోందో! మన ఫోటోలు ఎవడో లాగేస్తున్నాడు. టీచరమ్మ మనవరాలివీ అందులోనే ఉన్నాయి!"

అంతట క్రోధారుణలోచనుడై వీరుడు గర్జించెను: "ఓరీ అదృశ్యతస్కరాధమా! నన్ను నమ్మి నా యెదుట నిలిచిన పసికందుల ముఖములనా మూటగట్టుచున్నావు? ఈ ప్రచండభుజదండముతో..."

"భుజాల సంగతి తర్వాత. ముందు నెట్ వైరు పీకండి!"

ఆ తీగ మొదలు ఇనుపబీరువా వెనుక, గోడలో నుండెను. జానెడు సందు. బొజ్జను లోనికి బిగబట్టి, చెంపను గోడకానించి, మీసములకు సాలెగూడు చుట్టుకొనగా, మోచేయి దోకుకొనిపోవుచుండగా, వీరుడు లాగెను. రాలేదు. మరల లాగెను. బీరువా కదిలెను గాని తీగ కదలలేదు.

"ఊరికే లాగితే రాదండీ బాబూ! కింద కొక్కెం నొక్కి లాగండి!"

నొక్కెను. టిక్కుమనెను. తీగ చేతికి వచ్చెను, వీరుడు వెల్లకిల పడెను, మోడెం దీపము మిణుకుమనుట మానెను. జయజయధ్వానము చేయబోవునంతలో ఇల్లాలు అడ్డుతగిలెను.

"ఏవి పోయాయో, ఏవి మిగిలాయో తెలీదు. అందరికీ ఫోన్ చేసి చెప్పాలి."

"అందరికీనా? పరువు పోతుందే!"

"వాళ్ళ పిల్లల ఫోటోలండీ."

వీరునకు సిగ్గుతో చెవులు కాలెను. ఎట్టకేలకు ఫోను అందుకొనెను.

"టీచరమ్మా, స్టూడియో నుంచి... దొంగ గేమ్ ఒకటి ఎక్కించానమ్మా. మీ మనవరాలి ఫోటోలు బయటికి పోయుండొచ్చు. తప్పు నాదే."

"నమ్మి తీయించుకున్నాం కదయ్యా!" అనెను ఆమె. "సరే, దాచకుండా చెప్పావు. అదే నయం."

ఓ సకలదిక్కులారా, ఆలకింపుడు! ఆ దినమున మా ఛాయాగ్రాహకచూడామణి ఒక్క ఫోను చేసి గెలిచెను. ఇంక నూటపదునాలుగు మిగిలియున్నవి.